మోటారుబండి వెనుక ఇరుసు



ఎడ్లబండి తోలినవారికి ఒక సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. ధాన్యపు బస్తాలు వేసిన బండి గట్టు ఎక్కునప్పుడు ఎడ్లు అడుగు వెంబడి అడుగు వేయును. వట్టిబండి చదునైన బాటను పడినప్పుడు అవే ఎడ్లు పరుగెత్తును. ఎడ్ల బలము రెండు వేళలను ఒక్కటియే. ఆ బలమును లాగుడుకు వినియోగించిన వేగము తగ్గును. వేగమునకు వినియోగించిన లాగుడు తగ్గును. మోటారుబండి విషయమునను ఈ న్యాయమే చెల్లును.

ఇప్పుడు పల్లెలలో పాత జీపులు గలవారి యిండ్లలో ఒక మాట వినబడుచుండును. ఇంటి కుఱ్ఱవాడు వచ్చి, “బండికి పికప్పు చాలదు, వెనుక క్రౌను పినియను మార్పింతము” అనును. మేస్త్రీయు అవునని తల యూపును. సొమ్ము ఇయ్యవలసినవారు ఇంటి పెద్దలు. ఆ బండిలో ఆలుబిడ్డలను ఎక్కించి ఘాటు దాటింపవలసినవారును వారే. ఆ మార్పువలన కలుగు లాభమేమి, నష్టమేమి, ఎప్పుడు సరేయనవచ్చును, ఎప్పుడు వలదనవలెను అను సంగతులను నేటి ప్రసంగమున మనవిచేసెదను.

మొదట రాట్నమును తలచుకొందము. రాట్నపు పెద్దచక్రము ఒక్కచుట్టు తిరుగునంతలో కదురు అనేకమైన చుట్లు తిరుగును. కదురునకు వేగము మిక్కుటముగా వచ్చినది గాని బలము పోయినది. ఒక్క వ్రేలితో దానిని ఆపవచ్చును. దీనిని తలక్రిందులు చేసి చూడుడు. కదురును మనము త్రిప్పుచు, దానిచేత పెద్దచక్రమును త్రిప్పించితిమేని, పెద్దచక్రము మెల్లగా తిరుగును. కాని దానిని ఆపుట కష్టము. మోటారుబండిలో ఇంజను కదురువంటిది. అది నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును గాని, దాని మెలిత్రిప్పు బలము అంతంతమాత్రము. ఆ చుట్లను తగ్గించి బలముగా మార్చి చక్రమునకు అందించినగాని బండి కదలదు.

ఈ మార్పు రెండుచోట్ల జరుగును. మొదటిది డ్రైవరు చేతిక్రింద నుండు గేరుపెట్టె. అందు ఒకటవ గేరు, రెండవ గేరు, మూడవ గేరు అని వేళకు తగినట్లు మార్చుకొనవచ్చును. రెండవది వెనుక ఇరుసు నడుమనుండు గుండ్రని ఇనుపడొల్ల. గేరుపెట్టెనుండి బండి పొడవునా వచ్చిన షాఫ్టు ఆ డొల్లలోనికి దూరును. దాని కొనయందు పినియను అను చిన్నపండ్లచక్రము, దానితో ఒరసికొనుచు క్రౌను అను పెద్దపండ్లచక్రము ఉండును. షాఫ్టు పొడవున తిరుగగా ఇరుసు అడ్డముగా తిరుగవలెను గదా! ఆ దిశను మార్చుట ఈ జత చేయు మొదటి పని. చుట్లను తగ్గించుట రెండవ పని. ఇక్కడ జరుగు తగ్గింపు డ్రైవరు చేతిలో లేదు. బండి తయారైననాడు ఎన్ని పండ్లు పెట్టిరో అన్నియే.

అదే డొల్లలో డిఫరెన్షియల్ అను మఱియొక యంత్రము కలదు. మలుపు తిరుగునప్పుడు లోపలి చక్రము తక్కువయు, వెలుపలి చక్రము ఎక్కువయు తిరుగుటకు అది వీలు కల్పించును. క్రౌను పినియను మార్చినంతమాత్రమున దాని పని మాఱదు.

పండ్ల లెక్క కట్టుట సులభము. పెద్దచక్రపు పండ్లను చిన్నచక్రపు పండ్లచే భాగింపవలెను. అమెరికాలో ఫోర్డు కంపెనీవారు 1908 మొదలు 1927 వఱకు తయారుచేసిన మోడల్ టి కారునకు క్రౌనులో 40 పండ్లు, పినియనులో 11 పండ్లు. భాగించిన 3.64 వచ్చును. అనగా షాఫ్టు మూడు చుట్లు, మఱి సగముకంటె కొంచె మెక్కువ తిరిగినగాని చక్రము ఒక్కచుట్టు తిరుగదు. అదే ఇంజనును వారు 1917 నుండి మోడల్ టిటి అను ఒక టన్ను లారీకిని పెట్టిరి. ఇంజను మాఱలేదు గాని వెనుక ఇరుసు మాఱినది, నిష్పత్తి 7.25. కారుకంటె ఇంచుమించు రెండింతలు. ఇట్లు చేయుటచేత లారీ పరుగు తగ్గి, బరువు లాగు శక్తి కలిగినది.

మనకు ఇంకను దగ్గఱ ఉదాహరణము జీపు. రెండవ ప్రపంచ యుద్ధమున 1941 మొదలు 1945 వఱకు సైన్యమునకై తయారైన విల్లీస్ జీపునకు క్రౌను 39 పండ్లు, పినియను 8 పండ్లు, నిష్పత్తి 4.88. యుద్ధము ముగిసినపిదప, 1945లో, విల్లీస్ వారు సేద్యగాండ్రకును ఇతరులకును అమ్ముటకై సిజె-2ఎ అను జీపును తీసిరి. ఇంజను మునుపటిదే, 60 అశ్వశక్తి. ఇరుసు మాత్రము 43 పండ్లు, 8 పండ్లు, నిష్పత్తి 5.38. సైనికుల బండి పరుగెత్తవలెను. సేద్యగాని బండి లాగవలెను. ఈ ఒక్క భేదమే ఆ మార్పునకు కారణము. 1940వ దశకపు తుదినుండి బొంబాయిలో మహీంద్రా వారు విల్లీస్ జీపులను కూర్చి అమ్ముటచేత ఈ బండ్లు మన పల్లెలకును వచ్చినవి.

39కి 8, 43కి 8 అని ఇట్టి పొసగని అంకెలేల, 40కి 8 పెట్టి చక్కగా 5 చేయరాదా యని అడుగవచ్చును. 40కి 8 పెట్టినయెడల పినియనులోని ఒక పన్ను ఎల్లప్పుడును క్రౌనులోని ఆ అయిదు పండ్లతోనే ఒరసికొనుచుండును. ఒక పంటిలో చిన్న లోపమున్న అది ఆ అయిదింటినే తినివేయును. 39కి 8 అయినచో ప్రతి పన్నును ప్రతి పంటితో వంతులవారీగా కలిసికొనును. అరుగుదల అన్నిటికిని సమానముగా పంచబడును.

ఇక లాభము ఎంతయో చూతము. జీపు చక్రము అడ్డుకొలత 28 అంగుళములనుకొందము. ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునప్పుడు దాని మెలిత్రిప్పు బలము అన్నిటికంటె హెచ్చుగా నుండును. అప్పుడు మూడవ గేరులో 4.88 ఇరుసుతో చక్రములు నేలను నెట్టు బలము, లోపలి రాపిడి నష్టములను విడిచి, సుమారు 200 కిలోగ్రాముల బరువును ఎత్తగలిగినంత. 5.38 ఇరుసుతో సుమారు 220 కిలోగ్రాములు. నూటికి పది హెచ్చినది.

అయితే పికప్పు నూటికి పదియే హెచ్చునని తలపరాదు. నేల రాపిడికిని, ఎదురుగాలికిని ఆ బలములో కొంతభాగము పోవును. ఆ ఖర్చు 70 కిలోగ్రాములనుకొన్న, పాత ఇరుసుతో మిగులునది 130, క్రొత్తదానితో 150. వేగము పెంచుకొనుటకు పనికివచ్చునది ఈ మిగులే. 130కి 20 చేరిన నూటికి పదునైదు హెచ్చినట్లాయెను. మెట్టయెక్కునప్పుడు ఖర్చు ఇంకను హెచ్చు, మిగులు తక్కువ, కాబట్టి ఈ మార్పు మెట్టలయందు మఱింత బాగుగా తెలియును. ఇంటి వ్యవహారమువంటిదే ఇదియు. రాబడి కొంచెము పెరిగినను, ఖర్చులు పోగా మిగులునది ఎక్కువ పాలు పెరుగును.

మొదటి గేరులో ఈ భేదమును చూడుడు. సైనిక జీపులో గేరుపెట్టె తగ్గింపును ఇరుసు తగ్గింపును కలిపిన 13, సిజె-2ఎలో 15. నాలుగు చక్రములను నడుపు పెట్టెలోని తక్కువ వేగపు గేరును కూడ కలిపినచో మొదటిదానికి సుమారు 26, రెండవదానికి సుమారు 37. దుక్కికిని బురదకును ఏది తగినదో ఈ అంకెలే చెప్పును. అయితే ఒక్క హద్దు కలదు. చక్రము నేలను పట్టినంతవఱకే లాగుడు. తడిబంకమట్టిలో చక్రము జారుచుండగా ఎన్ని పండ్లు మార్చినను ప్రయోజనము లేదు. ఇంకను త్వరగా జారును.

ఇప్పుడు నష్టము. ఇరుసు మార్చినందున ఇంజనునకు ఒక్క అశ్వశక్తియు పెరుగదు. ఉన్న శక్తిని వేఱుగా పంచుకొంటిమి, అంతే. గంటకు 60 మైళ్ల వేగమున, అనగా సుమారు 96 కిలోమీటర్ల వేగమున, పాత ఇరుసుతో ఇంజను నిమిషమునకు సుమారు 3,500 చుట్లు తిరుగును. క్రొత్తదానితో 3,900కు దరిదాపుగా తిరుగవలెను. ఆ ఇంజను 60 అశ్వశక్తి ఇచ్చునది 4,000 చుట్లవద్ద. కాబట్టి దాని కొసకు చేర్చి నడపినట్లగును. రొద హెచ్చును, వేడి హెచ్చును, అరుగుదల హెచ్చును, పెట్రోలును హెచ్చుగా త్రాగును. ఊరినుండి పట్టణమునకు దూరప్రయాణములు చేయు బండికి ఇది ప్రతిదినము పడు పన్ను.

దిగుడులో మాత్రము ఒక మేలు కలదు. గేరులో ఉంచి దిగునప్పుడు ఇంజను బండిని వెనుకకు పట్టును గదా. ఆ పట్టు కూడ నూటికి పది హెచ్చును. ఘాటులలో బ్రేకులకు కొంత విశ్రాంతి దొరకును.

ఇక్కడ ఒక మోసమును కనిపెట్టవలెను. ఇది ఎవ్వరును చేయు మోసము కాదు, యంత్రమే చేయును. జీపులో వేగమును, దూరమును చూపు మీటరు ఇరుసునకు ముందుభాగముననుండి కదలును. ఇరుసు మార్చి మీటరు పండ్లు మార్చనియెడల, బండి నిజముగా 54 మైళ్ల వేగమున పోవుచుండగా మీటరు 60 చూపును. 100 మైళ్లు పోయిన 110 మైళ్లు పోయినట్లు వ్రాయును. యజమాని ఆ 110ని చూచి పెట్రోలు లెక్క కట్టుకొని, “ఖర్చేమియు పెరుగలేదే” అని సంతోషించును. పికప్పును మీటరునుబట్టి పరీక్షించువాడు కూడ ఇట్లే భ్రమపడును. కావున మీటరు సరిచేయించిన పిమ్మటనే లాభనష్టముల లెక్క చూడవలెను. లేదా మైలురాళ్లను చూచి లెక్కించుకొనవలెను.

ఇరుసు మార్చుటకుముందు విచారింపవలసిన సంగతులు కొన్ని కలవు. మొదటిది టైర్లు. 28 అంగుళముల చక్రము తీసి 30 అంగుళముల చక్రము పెట్టినయెడల 4.88 ఇరుసు 4.55 అయినట్లే. చాలచోట్ల పికప్పు పోవుటకు ఇదే కారణము. పెద్దటైర్లు చూపునకు బాగున్నవని వేసి, తర్వాత ఇరుసును తప్పుపట్టుదురు. పూర్వపు కొలత టైర్లు వేసిన, ఇరుసు ముట్టకయే పోయిన లాగుడు మరల వచ్చును. రెండవది బ్రేకులు. బండిని చదునైన నేలమీద ఒక్కరు నెట్టిన కదలుచున్నదా, లేక బ్రేకు చక్రమును పట్టుకొనియే యున్నదా చూడవలెను. మూడవది క్లచ్చి. ఇంజను రొద పెరిగి బండి వేగము పెరుగనియెడల క్లచ్చి జారుచున్నదని యర్థము. నాలుగవది ఇంజను: దాని పిస్టన్లు, వాల్వులు, ప్లగ్గులు సరిగా నున్నవా? జబ్బుపడిన ఎద్దునకు కాడి మార్చినంతమాత్రమున బలము రాదు.

ఇరుసులో ఏ పండ్లున్నవో డొల్ల తెఱవకయే తెలిసికొనవచ్చును. బండిని చదునైన గట్టినేలమీద నిలిపి, ముందుచక్రములకు రెండువైపుల రాళ్లు పెట్టవలెను. వెనుక ఒక్కచక్రమునే జాకీతో ఎత్తి, ఇరుసు క్రింద గట్టి దిమ్మను ఆనించవలెను; జాకీని మాత్రమే నమ్మి బండిక్రిందికి దూరరాదు. ముందు ఇరుసు నడుపుదలను విడిపించి, గేరు న్యూట్రల్‌లో ఉంచవలెను. పాతజీపులలో చేతిబ్రేకు వెనుక షాఫ్టునే పట్టును గనుక దానిని వదలివేయవలెను. అందుకే చక్రములకు రాళ్లు అంత ముఖ్యము. పిమ్మట ఎత్తిన చక్రమును సరిగా 16 చుట్లు త్రిప్పుచు షాఫ్టు చుట్లను లెక్కింపవలెను. ఒక్కచక్రము నేలమీద ఆగియున్నప్పుడు డిఫరెన్షియల్‌వలన రెండవది రెండింతలు తిరుగును. కాబట్టి 16 చుట్లు క్రౌనునకు 8 చుట్లు. షాఫ్టు 39 చుట్లు తిరిగిన అది 4.88 ఇరుసు, 43 తిరిగిన 5.38 ఇరుసు. అమ్మువాని మాటకంటె ఈ లెక్క నమ్మదగినది.

వస్తువు తెప్పించునప్పుడు మాటలలో ఒక చిక్కు కలదు. మేస్త్రీలు “లో గేరు”, అనగా తక్కువ గేరు, అనునది అంకెలలో పెద్దది. 5.38 తక్కువ గేరు, 4.88 ఎక్కువ గేరు. ఈ మాటలు తాఱుమాఱై, లాగుడు కావలసినవానికి పరుగు పండ్లు వచ్చి చేరును. కావున కాగితముమీద “క్రౌను ఇన్ని పండ్లు, పినియను ఇన్ని పండ్లు” అని వ్రాసి యిచ్చుట మంచిది.

క్రౌనును పినియనును ఎప్పుడును జతగానే మార్చవలెను. కర్మాగారమున ఆ రెండింటిని కలిపి త్రిప్పి నూఱి ఒకదానికొకటి అమర్చుదురు. జత గుర్తుగా అంకె చెక్కుదురు. ఒక బండి క్రౌనును వేఱొక బండి పినియనుతో కలిపినచో అవి అఱచును, వేడెక్కును, తుదకు పండ్లు ఊడును. బిగించునప్పుడు పినియను లోతును పలుచని రేకులతో సరిచూడవలెను. పండ్ల నడుమ సందు అంగుళములో వేయింట కొన్ని వంతులే యుండవలెను. సందు లేనియెడల వేడెక్కి పట్టుకొనును. ఎక్కువైన కొట్టుకొని విఱుగును. తెలిసిన మేస్త్రీ పండ్లకు రంగు పూసి త్రిప్పి, ఒరపు గుర్తు పంటి నడుమ పడుచున్నదా అని చూచును. ఆ గుర్తు చూడక, “చెవితో విని చెప్పెదను” అనువానిచేత ఈ పని చేయింపరాదు. పిమ్మట ఇరుసు చేసినవారు విధించిన నూనెనే పోసి, మొదటి కొన్ని వందల మైళ్లు బరువు లేకుండ మెల్లగా నడపి, ఆ నూనె తీసివేసి క్రొత్తది పోయవలెను.

జీపు విషయమున అన్నిటికంటె ముఖ్యమైన మాట యిది. ముందు ఇరుసు కూడ నడుచు బండిలో ముందు వెనుకల రెండు ఇరుసులకును ఒకే నిష్పత్తి యుండవలెను. వెనుకదానిని మాత్రము మార్చి, నాలుగు చక్రములను కలిపి గట్టినేలపై నడపినయెడల ముందుచక్రములు ఒక వేగమున, వెనుకచక్రములు ఒక వేగమున పోవ యత్నించును. ఒక కాడికి కట్టిన రెండు ఎడ్లలో ఒకటి పరుగెత్త, ఒకటి నడచినట్లగును. టైర్లు అరుగును, షాఫ్టు మెలితిరుగును, ఏదో ఒకటి విఱుగును. అది ఘాటు మలుపులో విఱిగిన ప్రాణముతో చెలగాటము. “ముందుది తర్వాత మార్పింతము” అను మాటకు ఒప్పుకొనరాదు. రెండింటికిని సొమ్ము లేనినాడు ఒకటియు మార్చకుండుటయే మేలు.

ఇక మీరు ఇంటివారికి ఏమి చెప్పవలెను? బండి ఎక్కువగా చేలలో, గుట్టదారులలో, బరువుతో, తక్కువ వేగమున తిరుగునదై, టైర్లు మొదలగునవి సరిగానుండి, తగిన జత దొరకి, రెండు ఇరుసులకును సొమ్ము ఉన్నయెడల సరేయనుడు. ఆ సొమ్ము వ్యర్థము కాదు. బండి తారురోడ్డుపై పట్టణమునకు పోయివచ్చునదే యైనచో వలదనుడు. రోజంతయు ఇంజనును గింజుకొనజేసి, అప్పుడప్పుడొక లారీని దాటుటలో నాలుగు క్షణములు సంపాదించుట వివేకము కాదు. క్రొత్త బండ్ల విషయమున మఱియు జాగ్రత్త వలయును. 1988 నాటి మోటారువాహనముల చట్టపు 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను అడ్డగించుచున్నది. కావున ఏ మార్పునకైనను ముందు రవాణా కార్యాలయమున విచారించుట క్షేమము.

కుఱ్ఱవాని కోరికను ఒక్కమాటతో త్రోసివేయక, అతనిచేతనే చక్రమును 16 చుట్లు త్రిప్పించి పండ్లు లెక్కింపజేయుడు, టైరు కొలత కొలిపింపుడు, ఖర్చు వ్రాయింపుడు. ఆ లెక్కలు కాగితముమీద పడిన తర్వాత ఇయ్యవలసిన జవాబు మీ యిరువురకును ఒక్కటిగానే తోచును.

ఇక సెలవు.